ఏ పేజీకి ఆ పేజీ

“ఎవరు చింపిన్రు దీన్ని?”

రాంప్రసాద్‌ది మరమగ్గాల కార్ఖానాలో సాంచాల మోత మీద అరిచి అరిచి బండబారిన గొంతు. మంచినీళ్లు అడిగినా కొట్లాటకు వచ్చినట్టే ఉంటుంది. ఈ పొద్దున మాత్రం నిజంగానే కొట్లాటకు వచ్చాడు.

గది నిండా కాగితాలు. మంచం కింద, కుట్టుమిషను కింద, గ్యాసు పొయ్యి ఉన్న బండ పక్కన. కూతురు సుమన కాలేజీలో చదువుకున్న పైథాన్ ప్రోగ్రామింగ్ పుస్తకం, ఇటుకంత లావుది, వెన్ను విరిగి గడప దగ్గర బోర్లా పడి ఉంది. ఆ కాగితాల నడుమ సుమన గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్లో ఇంకా కొన్ని పేజీలున్నాయి. చింపడం అయిపోయాక ఏం చేయాలో తోచనట్టు వాటి అంచులు సరిచేస్తోంది.

“నిన్నే అడుగుతున్న ఊర్మిళా.”

“కండ్ల ముందట కనవడ్తనే ఉన్నది గద. నన్నేం అడుగుతవ్?” చీరకు రాళ్లు అతికిస్తున్న చేయి ఆయన భార్య ఊర్మిళ ఆపలేదు. మార్కెట్ నుంచి తెచ్చిన చీరల కట్ట ఆమె పక్కన మోకాలెత్తున ఉంది. “చింపంగ నేను చూసిన. ఆపలే.”

“ఆపలేదా?”

“ఆపలే. పిల్ల కండ్లు చూస్తే ఏదో ఒకటి చినిగేటట్టే ఉండె. పుస్తకమే చినగనియ్యి అనుకున్న.”

రాంప్రసాద్ వంగి కాగితాలు ఏరసాగాడు. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. పేజీల మీది అంకెలు వస్తాయి. ఆ అంకెల వరసన ఒకదాని కింద ఒకటి పేరుస్తూ పోయాడు.

“ఇయ్యాల సాంచాలు బంద్ ఉన్నయి గద, తీస్కపోయి బైండింగు చేయిస్త. మాపటికి ఎప్పటి లెక్కనే కూసుందాం,” అన్నాడు.

ఎప్పటి లెక్కన అంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. జ్వరం మెదడుకెక్కి, ఆస్పత్రిలో రోజుల తరబడి తెలివి లేకుండా పడి ఉండి, ఆఖరికి ఎట్లాగో సుమన ప్రాణాలతో ఇల్లు చేరింది. పాత సంగతులన్నీ పదిలంగా ఉన్నాయి. బడిలో స్నేహితుల పేర్లు, అడాజన్‌లో తను పనిచేసిన కంపెనీ, అక్కడ రాసిన ప్రోగ్రాములు, శ్యాంసుందర్‌తో నిశ్చితార్థమైన నాడు కట్టుకున్న చీర రంగు, అన్నీ. కొత్తవే నిలవడం లేదు. పొద్దున విన్నది సాయంత్రానికి ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. తెల్లారితే మరీ. మెల్లగా మారవచ్చు అన్నాడు డాక్టరు, మారకపోనూ వచ్చు అన్నాడు. రాంప్రసాద్ మొదటి ముక్కే చెవిన వేసుకున్నాడు.

అప్పటి నుంచి రోజూ పని దిగి రాగానే బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఆ లావు పుస్తకం తెరిపిస్తున్నాడు. కాలేజీలో దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివే కదా ఫస్టు వచ్చింది. మళ్లీ మొదటి నుంచి చివరి దాకా చదివితే ఆ సుమనే మళ్లీ లేచి వస్తుందని ఆయన నమ్మకం. తనకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, బిడ్డ పెదవులు కదిలినంతసేపూ పక్కనే కూర్చునేవాడు. చదవడం ఆపిన చోట సాంచా నుంచి తెచ్చిన గుడ్డపేలిక గుర్తు పెట్టేవాడు.

“బాపూ, మనం ఎన్నో పాఠంల ఉన్నం?” సుమన తలెత్తకుండా అడిగింది.

“ఏడుల.”

“నాకు ఒక్కటి గూడ యాదికి లేదు.”

“అయితది బిడ్డా. జర ఓపిక వట్టాలె.”

“కాదు బాపూ, ఇను.” ఒళ్లోంచి ఒక పేజీ తీసి వేలు పెట్టి చూపింది. “ఇగో, ‘వెనక పాఠంల నేర్చుకున్నం గద’ అంటడు. ఇగో ఇక్కడ, ‘నిన్న రాసిన ప్రోగ్రాంకే ఇంకో నాలుగు లైన్లు కలుపుదాం’ అంటడు. ఎవరు నేర్చుకున్నరు? ఎవరు రాసిన్రు? పైథాన్ నాకు యాదున్నది. ఆయన దినాం పెంచుకుంట పోయే ప్రోగ్రామే యాదుంటలేదు. ప్రతి పాఠం నన్ను ఎక్కిరించినట్టే ఉన్నది. గా మాటున్న పేజీలే చింపుదామనుకున్న. చూస్తె అన్నిట్ల ఉన్నది.”

రాంప్రసాద్ పేర్చిన కాగితాలు చేతిలో అలాగే ఉండిపోయాయి.

“నేను ఎప్పటి సంది చెప్తున్న,” అంది ఊర్మిళ. “శ్యాం చెప్పిన తీరు పుస్తకం కొనిద్దామని. ప్రసన్న గూడ గదే అన్నది.”

ప్రసన్న అడాజన్ కంపెనీలో సుమన పక్క కుర్చీలో కూర్చునే పిల్ల. పాత ఉద్యోగం ఇప్పించలేను గానీ, పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి తెగిపోయే చిన్న చిన్న పనులు మా దగ్గర చాలా ఉంటాయి, సోమవారం వచ్చి ఒకటి చేసి చూపమని కబురు పంపింది.

“ఏది, గా వంటల పుస్తకమా?” రాంప్రసాద్ మూతి ముడిచాడు.

“కుక్‌బుక్ అంటరు బాపూ. వంటలు ఉండయి. ఈ పని కావాలంటే ఇట్ల చెయ్యి, ఆ పని కావాలంటే అట్ల చెయ్యి అని, ఏ పేజీకి ఆ పేజీ ఉంటది.”

“ఎరికే. చూసి చేసేటోళ్ల పుస్తకం. నకలు గొట్టేటోళ్లది. నువ్వు నీ సొంత బుర్రతోని రాసినదానివి. మా సేఠు తన కొడుకును తిట్టినప్పుడల్ల, రాంప్రసాద్ బిడ్డను చూసి నేర్చుకోరా అనేటోడు. గసుంటి నువ్వు ఇయ్యాల చూసి రాస్తవా?”

“చూసి రాయకపోతే ఏం రాయాలె బాపూ?”

రోజూ సాంచాల మోతకు గోడలదిరే సందు అది. బంద్ నాటి ఆ నిశ్శబ్దంలో ఇల్లు మరీ చిన్నదైపోయినట్టుంది. ఊర్మిళ గమ్ము డబ్బా మూత పెట్టిన చప్పుడు కూడా పెద్దగా వినిపించింది.

“శ్యాంకు ఫోన్ చేసిన. చౌక్ కాడ పుస్తకాల దుకాణంల ఉంటనన్నడు. తండ్రి బిడ్డలిద్దరు పోయిరాండ్రి,” అంది.

“శ్యాం వస్తుండా?” రాంప్రసాద్ ముఖం కాస్త విప్పారింది. “మంచిది. పెండ్లి ముచ్చట గూడ అడిగినట్టయితది. వాళ్లమ్మ వెంకటవ్వ ఏందో, ముహూర్తం సంగతి ఎత్తితే మాట దాటేస్తున్నది.”

ఊర్మిళ వేళ్ల కింది రాయి జారి నేల మీద దొర్లింది. దాన్ని ఆమె వెతకలేదు.

“ముందుగాల పుస్తకం సంగతి చూడు,” అంది.

*

షేర్ ఆటోలో ఇరుక్కుని, స్టేషను దగ్గర దిగి, ఇంకో ఆటో ఎక్కి చౌక్ చేరేసరికి ఎండ ముదిరింది. దారిలో సుమన ఎక్కడికి పోతున్నామని అడిగింది. కాసేపాగి మళ్లీ అడిగింది. రాంప్రసాద్ రెండుసార్లూ మొదటిసారి చెప్పినట్టే చెప్పాడు. ఈ నాలుగు నెలల్లో ఆయన నేర్చుకున్న విద్య అదొక్కటే.

శ్యాంసుందర్ దుకాణం మెట్ల మీద నిలబడి ఉన్నాడు. వాళ్ల కులపోడే. వాళ్లలాగే సిరిసిల్ల వైపు నుంచి ఈ గుజరాతీ ఊరికి బతుకుదెరువుకు వచ్చిన కుటుంబమే. వరాఛాలో వజ్రాల కంపెనీలో కంప్యూటర్ల పని చూస్తాడు. మనిషి సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఇవాళ ఇంకా సన్నబడ్డట్టు అనిపించాడు.

“మంచిగున్నవా మామా?” అన్నాడు, రాంప్రసాద్ చెప్పుల వైపు చూస్తూ.

“మంచిగనే ఉన్న బిడ్డా. గిట్ల బక్కగయినవేంది? వరాఛాల అన్నం పెడ్తలేరా?”

శ్యాంసుందర్ నవ్వబోయి మానుకున్నాడు.

దుకాణం కాకా గుజరాతీ ముసలాయన. నిచ్చెన వేసి మీది అరల్లోంచి పుస్తకాలు దించి, దుమ్ము దులిపి, బల్ల మీద పరిచాడు. “ఆరామ్‌సే దేఖో బేటీ,” అని నింపాదిగా చూసుకోమని తన గల్లా దగ్గరికి పోయాడు. సుమన ఎత్తు పీట మీద కూర్చుంది. ఒక పుస్తకం ముందేసుకుని, అట్ట, వెనక అట్ట, ముందుమాట వరసగా తిరగేయబోయింది.

“మొదటి పేజీ చూడకు,” అన్నాడు శ్యాంసుందర్. “నడుమ ఎక్కడన్న తెరువు. అక్కణ్నుంచే పని మొదలువెట్ట వస్తదా చూడు. వస్తే నీది.”

ఆమె నడుమకు తెరిచింది. చదివింది. ఒక నిమిషం కూడా గడవకముందే మూసేసింది.

“ఏమయింది?” రాంప్రసాద్ అడిగాడు.

“మూడో అధ్యాయంల రాసిన ఫంక్షన్ తెచ్చుకొమ్మంటున్నడు. పేరుకే కుక్‌బుక్ బాపూ. ఇది గూడ పాత పుస్తకం అసుంటిదే.”

“మరి ఇది?” శ్యాంసుందర్ ఇంకోటి ముందుకు జరిపాడు. సన్నటి పుస్తకం, కాగితం మెరుస్తోంది. దాన్ని సుమన కాస్త ఎక్కువసేపే చూసింది. రాంప్రసాద్‌కు అది నచ్చింది, లావు లేదు, అక్షరాలు పెద్దవి. కానీ బిడ్డ తల అడ్డంగా ఊపింది.

“చెయ్యి అంటడు. ఎందుకో చెప్పడు. చేసినంక తప్పొస్తే? ఎక్కడ తప్పిందో నాకెట్ల తెలుస్తది? ఇగ నకలే కొట్టాలె దీంతోని. బాపు అన్నట్టే అయితది.”

పొద్దున తను అన్న మాట ఆమెకు ఇంకా గుర్తుందని రాంప్రసాద్‌కు ముందు సంతోషమేసింది. తర్వాత, గుర్తుండిపోయింది ఆ మాటే అయినందుకు ఎక్కడో కలుక్కుమంది.

ఆ తర్వాత చాలాసేపు ఆయన పక్కన నిలబడి చూస్తుండటమే. ఒకదాంట్లో లెక్కలన్నీ అమెరికా బ్యాంకుల సంగతులట, పక్కన పెట్టారు. ఇంకోటి పాత పైథాన్‌దట, ఇప్పుడు నడవదని శ్యాంసుందరే తీసేశాడు. కాకా మళ్లీ నిచ్చెన ఎక్కి, అట్ట కొద్దిగా నలిగిన పుస్తకం ఒకటి దించాడు.

సుమన దాన్ని నడుమకు తెరిచింది. చదవడం మొదలుపెట్టింది. చదువుతూ చదువుతూ కింది పెదవిని పంటితో పట్టుకుంది.

రాంప్రసాద్ ఒకడుగు ముందుకు వేశాడు. పదో తరగతి లెక్కలు చేసేటప్పుడు, కంపెనీ పని ఇంటికి తెచ్చుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు, పెదవిని అట్లాగే పట్టుకునేది. జ్వరం తర్వాత ఆ పని చేయగా చూడటం ఇదే మొదటిసారి.

“రెండు జాబితాలు ఉన్నయట బాపూ,” తనలో తను అనుకున్నట్టు చెప్పింది. “ఒకదాంట్ల సరుకు ఎవరెవరికి పంపిన్రో గా పేర్లు, ఒకదాంట్ల ముట్టినోళ్ల పేర్లు. ముట్టనిది ఎవరికో తీయాలె. ఇగో, పైన ఒక్క లైన్ల పని చెప్పిండు. ఏమేం కావాలెనో చెప్పిండు. కింద ప్రోగ్రాం. ఈ పక్క పేజీల అది ఎందుకు నడుస్తదో, ఎక్కడ తప్పు రావచ్చో చెప్పిండు. రెండు పేజీలల్ల పని ఖతం.” ఆగింది. పేజీకి ఇంకా దగ్గరగా వంగింది. “శ్యాం, ఇక్కడ చూడు. ఈ లైన్ అక్కెర లేదు. ఇది లేకున్న నడుస్తది.”

శ్యాంసుందర్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

“అవు,” అన్నాడు. “లేకున్న నడుస్తది.”

“చూసి రాసేదాన్ని కాదు బాపూ నేను,” సుమన తలెత్తి నవ్వింది. “దిద్ది రాసేదాన్ని.”

రాంప్రసాద్ ఆ పేజీ మీద వేలు పెట్టాడు. “ఈ పేజీ అయినంక ఇంకో పేజీకి పోతవు గద. అప్పుడు ఇది యాదుంటదా?”

“ఉండది.”

“మరెట్ల?”

“ఉండే అక్కెర లేదు బాపూ. మళ్ల గా పని వడితే మళ్ల గీ పేజీకే వస్త. ఇది నన్ను నిన్నేం చేసినవని అడగది.”

ఆ లావు పుస్తకాన్ని బైండింగుకు ఇవ్వాలని ఆయన సంచిలో వేసుకుని తెచ్చాడు. దాన్ని బయటికి తీయలేదు. నలిగిన అట్ట పుస్తకాన్ని రెండు చేతులతో తీసుకుని, “యే దే దో కాకా,” అన్నాడు.

*

రాంప్రసాద్‌కు చాలా రోజుల తర్వాత గుండె తేలికయింది. మనసు అట్లా ఉన్నప్పుడు ఎవరికైనా ఏదో ఒకటి తినబెట్టనిదే ఆయనకు తోచదు. పుస్తకాల దుకాణం పక్క సందు మొదట్లో కోల్డ్ కోకో అమ్మే దుకాణం ముందు ఇద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టి, మూడు గ్లాసులు తెచ్చాడు.

“ఇగ మీ అమ్మను రమ్మను శ్యాం,” అన్నాడు. “సోమవారం ప్రసన్న కాడ పని చేసి చూపిస్తది. చిన్నదో పెద్దదో, పని పనే గద. పిల్ల తన కాళ్ల మీద తను నిలవడ్తది. పెండ్లి ఎన్నడు వెట్టుకుందామో నువ్వే చెప్పు.”

శ్యాంసుందర్ గ్లాసును నోటి దాకా తీసుకుపోయి దించాడు.

“ఏమయ్యా, మాట్లాడవేంది?”

సుమన గ్లాసు అంచు మీదుగా శ్యాంసుందర్‌నే చూస్తోంది. జ్వరం ఆమె దగ్గర ఏం తీసుకుపోయినా, ఎదుటి మనిషి ముఖం చదివే తెలివిని తీసుకుపోలేదు.

“శ్యాం,” అంది. “మీ ఇంట్ల ఇంకో పిల్లను చూసిన్రా?”

బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

“చూసిన్రు,” అన్నాడు ఆఖరికి.

“ఖాయం చేసిన్రా?”

“చేసిన్రు.”

రాంప్రసాద్ లేచి నిలబడ్డాడు. బెంచీ వెనక్కి పడబోయింది. “ఏమన్నవ్ రా?”

“కూసో బాపూ,” అంది సుమన, తండ్రి వైపు చూడకుండా. గ్లాసును జాగ్రత్తగా బెంచీ మీద పెట్టింది. “నాతోని ఎందుకు చెప్పలే శ్యాం?”

శ్యాంసుందర్ ముఖం వాడిపోయింది. “చెప్పిన సుమనా.”

“ఎప్పుడు?”

“ఫోన్ల ఒకసారి. తర్వాత ఇంటికొచ్చి చెప్పిన. అత్తమ్మ గూడ ఉండె.”

“నేనేమన్న?”

“ఫోన్ల ఏడ్చినవ్. నేను గూడ... ఇంటికొచ్చినప్పుడు ఏడ్వలే. ఆ పిల్ల పేరేందని అడిగినవ్. మంచిగ చూసుకో అన్నవ్.”

సుమన తల ఊపింది, ఎవరి గురించో విన్నట్టు. కళ్ల నిండా నీళ్లు వచ్చాయి కానీ అవి జారలేదు.

“నువ్వు మీ అమ్మతోని కొట్లాడలేదా?”

“కొట్లాడిన. నెల రోజులు ఇంట్ల అన్నం తినలే. మా అమ్మ మంచం వట్టింది. ఓడిపోయిన సుమనా.”

“గిది గూడ చెప్పినవా నాకు?”

“చెప్పిన.”

“మరి ఇప్పుడేమనాలె?” అంది. నిజంగానే అడిగింది. “ఏడ్చుడయింది. మంచిగుండు అనుడయింది. ఇప్పుడేమనాలె నేను?”

రాంప్రసాద్ చేయి శ్యాంసుందర్ చొక్కా మెడ మీద పడింది. ఆ పిల్లాడు విడిపించుకోలేదు. కొడితే బాగుండునన్నట్టు మెడ వంచి కూర్చున్నాడు. అంత సన్నటి మెడ. పట్టుకున్న చేతిలోంచి బలం దానంతట అదే పోయింది.

“పో,” అన్నాడు రాంప్రసాద్. “పో ఇక్కణ్నుంచి.”

శ్యాంసుందర్ లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు. “డాక్టరు అన్నీ రాసుకొమ్మన్నడు గద సుమనా. ఇది గూడ ఫోన్ల రాసుకోరాదు? మళ్ల మళ్ల...” మాట మింగేశాడు.

సుమన ఫోన్ తీసింది. రాయడానికి తెరిచింది. బొటనవేలు అక్షరాల మీద కాసేపు నిలిచింది.

“వద్దు,” అని ఫోన్ మూసింది. “రాసుకుంటే దినాం పొద్దుగాల లేచి చదవాలె.”

*

ఇల్లు చేరేసరికి సుమన ఏడ్చి ఏడ్చి సోలిపోయి ఉంది. చాప మీద వాలి నిద్రపోయింది. లేచాక ముఖం కడుక్కుని, కొత్త పుస్తకాన్ని చూసి, “ఎవరు తెచ్చిన్రు?” అని అడిగి, లాప్‌టాప్ తెరిచి కూర్చుంది.

గది బయట, మెట్ల దగ్గర, మొగుడూ పెళ్లాలు గొంతులు అణుచుకుని కొట్లాడుకుంటున్నారు.

“నీ ముందటనే చెప్పిండట గద. నాకెందుకు చెప్పలే?”

“చెప్తే ఏం చేద్దువు? పోయి వెంకటవ్వ ఇంటి మీద వడుదువు. పిల్ల మరిచిపోయినదాన్ని యాదికి తెద్దువు.”

“నా బిడ్డ పెండ్లి చెడిపోతే నాకు తెల్వద్దా?”

“నీకు ఏది తెల్వాలంటే అది తెలుస్తది. తెల్వొద్దనుకున్నది తెల్వది,” అంది ఊర్మిళ. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “పెండ్లికి పనికిరాకుండ అయిందని వాళ్లమ్మ అనుకుంటున్నది. ఎప్పటి పిల్లనే అని నువ్వు దినాం పాత పుస్తకం ముందట కూసవెడ్తవు. ఇద్దరు గూడ పిల్లను చూస్తలేరు.”

రాంప్రసాద్ మెట్టు మీద కూలబడ్డాడు. ఊర్మిళ కూడా పక్క మెట్టు మీద కూర్చుంది. మళ్లీ ఆమే అందుకుంది.

“శ్యాం ఫోన్ల చెప్పిన నాడు పొద్దుందాక ఏడ్చింది. అన్నం ముట్టలే. తెల్లారి లేచి, జ్వరానికి ముందు అనుకున్న ముచ్చట వట్టుకుని, ‘అమ్మా, ఆదివారం శ్యాం వాళ్లొస్తరు గద, ఏ చీర కట్టుకోవాలె?’ అన్నది. గా మాటకు నేనేం చెప్పాలె? చెప్పిన. మళ్ల అంత ఏడ్చింది, అదే మొదలన్నట్టు. ఆ తర్వాత అడిగినప్పుడు నాతోని కాలే. ఆకుపచ్చది కట్టుకో బిడ్డా అన్న.”

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. రాంప్రసాద్ పెళ్లాం భుజం మీద చేయి వేయబోయాడు. సందులో ఎవరో పైకి చూస్తుంటే తీసేశాడు. తర్వాత చూస్తే చూడనీ అనుకుని మళ్లీ వేశాడు.

“చెప్పకపోతే ఏమయితది?” అన్నాడు. “మరిచిపోయినంత సేపు సుఖంగనే ఉంటది గద.”

“ఎన్ని దినాలు? ఆ పెండ్లి పత్రిక ఈ సందుకు రాదా? మనోళ్లందరు పోరా? ఎవరో బయటోళ్లు చెప్తే?”

ఇప్పటిదాకా ఈ బరువును శ్యాంసుందర్ మోశాడు, ఊర్మిళ మోసింది. రాంప్రసాద్ మాత్రం పుస్తకంలో గుడ్డపేలిక జరుపుకుంటూ కూర్చున్నాడు.

“బాపూ! బాపూ, జర రా! అమ్మా!”

ఆ కేకకు ఇద్దరూ ఉలిక్కిపడి లోపలికి పరుగెత్తారు.

సుమన ముఖం వెలిగిపోతోంది. పుస్తకం ఒడిలో తెరిచి ఉంది. లాప్‌టాప్ తెర మీద చిన్న చిన్న బొమ్మలు వరసగా, పేర్లతో, తేదీలతో పేర్చి ఉన్నాయి.

“చూడు బాపూ, మన ఫొటోలన్నీ ఒక్క కాడ కలెగలిసి ఉండె గద. ఈ పేజీ చూసి రాసిన. మొదటిసారి తప్పొచ్చింది. కింద చెప్పిండు ఎందుకొస్తదో. నేనే దిద్దిన. ఎవరిని అడగలే. ఏ ఏడాదివి ఆ ఏడాదికి, ఏ ఫంక్షన్‌వి ఆ ఫంక్షన్‌కు అన్నీ పోయి కూసున్నయి.”

“శాబాష్ బిడ్డా,” అన్నాడు రాంప్రసాద్. నిజంగానే అన్నాడు. సోమవారం ప్రసన్న ముందు ఈ పిల్ల ఓడిపోదని ఆ నిమిషాన ఆయనకు తెలిసిపోయింది.

“ఇంకా చూడు.” సుమన వేలితో ఒక బొమ్మను నొక్కింది.

తెర నిండా నిశ్చితార్థం ఫొటో విచ్చుకుంది. పూలదండ మెడలో బరువుగా వేలాడుతుంటే సిగ్గుపడుతున్న శ్యాంసుందర్. పక్కన సుమన. వెనక వెంకటవ్వ, నోరంతా నవ్వు.

“ఇవి శ్యాంకు పంపుత. కష్టపడి వరస పెట్టిన అని చెప్త. సంబురపడ్తడు.” ఫోన్ చేతిలోకి తీసుకుంది. “ఆదివారం వాళ్లొస్తరు గద బాపూ? ఫోన్ కలుపనా? లేకుంటే నువ్వే చెప్తవా వాళ్లమ్మకు, మా పిల్ల మళ్ల పని చేస్తున్నదని?”

ఊర్మిళ గడపలోనే ఆగిపోయింది. మొగుడి వైపు చూసింది. ఆకుపచ్చది కట్టుకో అంటావా, ఇంకేమన్నా అంటావా అని ఆ చూపు అడుగుతోంది.

రాంప్రసాద్ వెళ్లి బిడ్డ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆమె చేతిలోంచి ఫోన్ మెల్లగా తీసుకుని పక్కన పెట్టాడు. ఆ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. బిడ్డతో జన్మలో మొదటిసారి, అరవకుండా మాట్లాడటానికి గొంతును తగ్గించుకున్నాడు.

“బిడ్డా, శ్యాం సంగతి ఒకటి చెప్పాలె నీకు.”

సుమన నవ్వు పెదవుల మీద ఇంకా ఉంది. కళ్లు మాత్రం తండ్రి ముఖం మీద, తల్లి ముఖం మీద, మళ్లీ తండ్రి ముఖం మీద తిరిగాయి.

“ఆగు బాపూ,” అంది. “నువ్వు చెప్పబోయేది నాకు ముందే తెలుసా?”